డయాలసిస్ మోడల్లో ప్రయాణ ఖర్చులు తీసేయమంటున్నారు. హెల్త్ ఎకనామిక్స్‌లోకి కొత్తగా వచ్చాను, ఏం చేయమంటారు?

ఉద్దానం_ఫార్మ్‌డీ అడిగారు:

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం ప్రాంతం, కవిటి మండలం. ఫార్మ్‌డీ అయ్యాక ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) చేశాను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక ప్రాజెక్టులో ప్రాజెక్ట్ రీసెర్చ్ సైంటిస్ట్-1ని. జీతం 56,000, పైన హెచ్‌ఆర్‌ఏ. ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే ఉద్యోగం. మా పెదనాన్న "ఇంతకీ నువ్వు డాక్టరమ్మవా, లెక్కల టీచరమ్మవా?" అని అడిగితే సరైన జవాబు చెప్పలేకపోయాను.

పని ఇదీ. కిడ్నీలు పూర్తిగా పాడైనవాళ్లకి సెంటర్లో మిషన్ మీద హీమోడయాలసిస్ చేయిస్తే మేలా, ఇంట్లోనే పొట్టలోకి ద్రవం ఎక్కించుకుని తీసేసే సీఏపీడీ మేలా? పెట్టే రూపాయికి ఎవరు ఎక్కువ కాలం, ఎక్కువ బాగా బతుకుతారు? దీనికి మార్కోవ్ మోడల్ కడుతున్నాను. ఎక్సెల్లో వెయ్యిమంది ఊహా రోగులు, నెలకో వరస. ప్రతి వరసలో కొందరు డయాలసిస్ మీదే ఉంటారు, కొందరికి ఇన్‌ఫెక్షన్, కొందరు ఒక పద్ధతి నుంచి ఇంకోదానికి మారతారు, కొందరు పోతారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మనుషుల్ని చంపే ఫార్ములాలు రాయడమే నా ఉద్యోగం.

చిక్కు ఎక్కడంటే, ప్రభుత్వానికయ్యే ఖర్చు మాత్రమే లెక్కేస్తే నా మోడల్లో హీమో గెలుస్తోంది. రోగి ప్రయాణం, తోడు వచ్చేవాళ్లు పోగొట్టుకునే కూలి కలిపితే సీఏపీడీ వైపు తిరుగుతోంది. మా సీనియర్ గారు "ఆ ఖర్చులకి డేటా ఏదీ? రివ్యూయర్ అడిగితే ఏం చెప్తావ్? తీసేయ్" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు, పేపర్ తొందరగా బయటపడాలన్నదే ఆయన బాధ. కానీ మా వీధిలో ఒకాయన వారానికి రెండుసార్లు సోంపేట వెళ్లి డయాలసిస్ చేయించుకుంటాడు. భార్య తోడు వెళ్తుంది. ఆవిడ జీడి ఫ్యాక్టరీలో పప్పు వలిచే పనికి పోతుంది. ఆ రెండు రోజులూ ఆవిడకి కూలి లేదు, ఆటోకి ఎదురు డబ్బులు. ఇదంతా నా షీట్‌లో సున్నా. ఆ సెల్ చూస్తే ఒళ్లు మండుతుంది.

ఇంకో రెండు సందేహాలు. మా రాష్ట్రంలో డయాలసిస్ రోగులకి నెలకి 10,000 పెన్షన్ వస్తుంది. దాన్ని మోడల్లో ఎక్కడ పెట్టాలి? రోగుల జీవన నాణ్యత స్కోర్లు అన్నీ బయటి దేశాల పేపర్లలోంచి తెచ్చినవే, అవి వాడొచ్చా? ఆఖరుగా, ఇలా ప్రాజెక్టుల మీద నెట్టుకురావాలా, పీహెచ్‌డీకి వెళ్లాలా, కంపెనీలో చేరాలా? తోటివాళ్లు చాలామంది గచ్చిబౌలి వైపే పోయారు.

---

షెఫీల్డ్_గుంటూరోడు:

అమ్మాయ్, ఆ ఆఖరి ప్రశ్న కాసేపు పక్కన పెట్టు. అసలు గొడవ మొదటిదే.

మీ సీనియర్‌తో "మా వీధిలో ఒకాయన ఉన్నాడు" అని వాదిస్తే ఓడిపోతావ్. హెచ్‌టీఏ ఇన్ (వైద్య పద్ధతుల ఖర్చుకీ ఫలితానికీ లెక్క చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్ల ఇండియన్ రిఫరెన్స్ కేస్, అంటే ఇలాంటి లెక్కలు ఎలా కట్టాలో చెప్పే నియమావళి, తెరిచి, దృక్కోణం గురించి రాసిన పేజీ ప్రింట్ తీసి టేబుల్ మీద పెట్టు. అది అడిగేదే సమాజ దృక్కోణం, అదీ విడివిడిగా: ప్రభుత్వం పెట్టేది ఒక వరస, రోగి జేబులోంచి పోయేది ఒక వరస, మిగతాది ఇంకో వరస. అంటే నువ్వు అదనంగా ఏదో చేర్చడం లేదు. ఆయనే ఉండాల్సిన దాన్ని తీసేయమంటున్నారు. ఈ మాట ఇంత మొరటుగా అనకు, పేజీ చూపిస్తే చాలు.

"డేటా లేదు" అనే మాట ఈ రంగంలో రోజూ వింటావ్. డేటా లేని చోట సున్నా పెడితే ఊహ చేయనట్టు కాదు. "ఆటో ఊరికే వస్తుంది, ఆవిడ కూలి పోదు" అని గట్టిగా ఊహించినట్టు. దీనికి మందు త్రెషోల్డ్ ఎనాలిసిస్. ఒక డయాలసిస్‌కి ప్రయాణం, తోడు కలిపి ఖర్చు సున్నా నుంచి మొదలుపెట్టి పెంచుకుంటూ పో. ఏ రూపాయి దగ్గర జవాబు తిరగబడుతుందో చూడు. ఆ అంకె 2,000 అని తేలిందనుకో, కవిటి నుంచి సోంపేటకి అంత అవ్వదు కాబట్టి మీ సీనియర్ మాటే నిలుస్తుంది, నువ్వూ హాయిగా నిద్రపోవచ్చు. 150 దగ్గరే తిరగబడిందా, ఆ ఖర్చు వదిలేసి పేపర్ వేస్తే అది తప్పుడు పేపరే. అప్పుడు డేటా కోసం ఊళ్లోకి వెళ్లక తప్పదని ఆయనకీ అర్థమవుతుంది. నీ కోపం చేయలేని పని ఆ ఒక్క గ్రాఫ్ చేస్తుంది.

పెన్షన్ సంగతి. సమాజ దృక్కోణంలో అది ఖర్చే కాదు. ఒక జేబులోంచి ఇంకో జేబులోకి పోయిన డబ్బు, దానివల్ల వనరులేవీ ఖర్చవలేదు. ప్రభుత్వ బడ్జెట్ మీద ఎంత భారం అని విడిగా లెక్కేస్తావు కదా, అక్కడ పెట్టు. రెండు పద్ధతుల వాళ్లకీ సమానంగా అందుతుంటే తేడాలో ఎలాగూ కొట్టుకుపోతుంది. కానీ నీ ఫీల్డ్ డేటాలో జాగ్రత్త. "ఆటో ఖర్చు ఎలా భరిస్తున్నారు?" అంటే "పెన్షన్ వస్తుంది కదమ్మా" అంటారు. అది విని ప్రయాణ ఖర్చు లేదని రాసుకోకు.

రోగి తన సొంత కూలి పోగొట్టుకోవడం వేరు, తోడు వచ్చినావిడ పోగొట్టుకోవడం వేరు. రోగి సంపాదన నష్టం క్వాలీల్లో (జీవన నాణ్యతతో తూచిన ఏళ్లల్లో) కొంత ఇమిడే ఉందనీ, మళ్లీ రూపాయల్లో వేస్తే రెండుసార్లు లెక్కేసినట్టనీ ఒక పాత తగువుంది. ఇప్పుడే అందులో దిగకు. తోడు మనిషి కూలికి ఆ తగువు లేదు, ఆవిడ క్వాలీలు నీ మోడల్లో లేనే లేవు కదా. అది నిక్షేపంగా పెట్టుకో.

నాణ్యత స్కోర్లు: ఆరోగ్యం ఎలా ఉందో రోగినే అడిగే ప్రశ్నపత్రం ఈక్యూ-5డి-5ఎల్‌కి భారతీయుల సొంత వాల్యూ సెట్ (ఏ జవాబుకి ఎంత స్కోరో చెప్పే పట్టిక) 2022లో అచ్చయింది, ఐదు రాష్ట్రాల్లో మనుషుల్ని కూర్చోబెట్టి అడిగి తయారుచేసినది. నువ్వు తెచ్చిన పేపర్లలో అడుగున చిన్న అక్షరాల్లో ఏ దేశపు వాల్యూ సెట్ వాడారో ఉంటుంది, చూడు. మన రోగులనే అడిగి, బ్రిటన్ వాళ్ల ఇష్టాయిష్టాలతో తూచిన పేపర్లు బోలెడు. ప్రశ్నపత్రం తెలుగులోనూ దొరుకుతుంది. దాన్ని తయారుచేసిన యూరోక్వాల్ వాళ్ల దగ్గర నమోదు చేసుకోవాలి, లాభాపేక్ష లేని పరిశోధనకి డబ్బు తీసుకోరు. ఎథిక్స్ కమిటీ అనుమతి పెట్టుకుని కొద్దిమందినైనా నువ్వే అడుగు.

అడగకపోయినా ఇంకోటి చెప్తా, కొత్తగా వచ్చిన ప్రతివాళ్ల షీట్‌లో నేను మొదట చూసేది అదే. ఏడాదికి 24 శాతం మరణాలు అని పేపర్లో ఉంటే, నెల వరస కోసం పన్నెండుతో భాగించి 2 శాతం పెడతారు. నెలకి 2 చొప్పున పన్నెండు నెలలు నడిపి చూడు, పోయేది 21.5 శాతమే. మిగతావాళ్లని ఊరికే బతికించేశావ్. ముందు రేటుగా మార్చాలి: 1లోంచి 0.24 తీసేసి, దాని సహజ లాగ్‌కి గుర్తు తిప్పితే 0.274. దాన్ని పన్నెండుతో భాగించి మళ్లీ సంభావ్యతలోకి తెస్తే 2.26 శాతం. తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, జీవితకాలం మోడల్లో వరస మీద వరసగా పేరుకుపోతుంది.

ఇక థాయిలాండ్ కథ తప్పకుండా చదువు. ఇదే ప్రశ్న వాళ్లకీ వచ్చింది. లెక్కలో రెండు డయాలసిస్‌లూ హద్దు (ఒక క్వాలీకి పెట్టదగ్గ గరిష్ఠ ఖర్చు) దాటినవే. అయినా కుటుంబాలు అప్పులపాలైపోతున్నాయని 2008లో అందరికీ ఇచ్చారు, ముందు పీడీ (సీఏపీడీలాగ పొట్ట ద్వారా చేసే డయాలసిస్) అన్న షరతుతో. 2022లో ఆ షరతు తీసేసి ఎంపిక రోగికీ డాక్టరుకీ వదిలేశారు. మన దగ్గర హద్దు తలసరి జీడీపీకి ఒక రెట్టు. నీ మోడల్లో రెండూ ఆ హద్దు దాటే అవకాశమే ఎక్కువ. దాటినప్పుడు "ఖర్చుకి తగ్గ ఫలితం లేదు" అని ఒక్క ముక్క రాసి వదిలెయ్యకు. ఉద్దానంలో డయాలసిస్ ఆపేయాలని ఎవరూ అడగడం లేదు. ఇస్తున్నదాన్ని ఏ దారిలో ఇవ్వాలన్నదే ప్రశ్న. పేపర్ మొదటి పేరాలోనే ఆ మాట చెప్పేయ్.

---

క్యూసీ_రాణి:

గచ్చిబౌలి బ్యాచ్ నుంచి నేను :)

నేనూ ఫార్మ్‌డీనే. కంపెనీ వైపు పని ఎలా ఉంటుందో చెప్తా, తర్వాత నీ ఇష్టం. పై ఆఫీసు ఒక గ్లోబల్ మోడల్ కట్టి పంపుతుంది. మనం దాన్ని దేశాలకి తగ్గట్టు మారుస్తాం. బ్రిటన్‌లో నైస్‌కి ఒక వెర్షన్, ఆస్ట్రేలియా పీబీఏసీకి ఒకటి, ఏ మందుకి ప్రభుత్వం డబ్బు పెట్టాలో చూసే సంస్థలవి. ధరలు మార్చు, లైఫ్ టేబుల్ (వయసువారీ మరణాల పట్టిక) మార్చు, డిస్కౌంట్ రేటు (రాబోయే ఏళ్ల ఖర్చుల్నీ ఫలితాల్నీ ఇవాళ్టి విలువకి తగ్గించే రేటు) మార్చు, రిపోర్ట్ రాయి. ఏ మందు అన్నది ముందే ఖాయం, "అసలు ఇది అవసరమా?" అన్న ప్రశ్న నీ బల్ల దాకా రాదు. డెడ్‌లైన్లు చంపేస్తాయి. జీతం మాత్రం నీ 56 వేల కన్నా బాగానే ఉంటుంది, నెల నెలా పడుతుంది. ప్రాజెక్ట్ పొడిగింపు లెటర్ కోసం ఎదురుచూపులుండవు. ఇంటి బాధ్యతలున్నవాళ్లు ఇటు వస్తే ఎవరూ మాట అనకూడదు, నేను వచ్చింది అందుకే.

ఇక్కడ నిజంగా నేర్పేది ఒకటుంది: ఎదుటివాళ్ల మోడల్‌ని పగలగొట్టడం. నీ షీట్‌కి ఈ పరీక్షలు పెట్టి చూడు. హీమో, సీఏపీడీ రెండు వైపులా అవే అంకెలు పెట్టు, తేడా నిక్కచ్చిగా సున్నా రావాలి. మరణం 1 చేయి, రెండో వరసకల్లా అందరూ పోవాలి. స్కోర్లన్నీ 1 చేసి డిస్కౌంట్ తీసేయ్, క్వాలీలు బతికిన ఏళ్లతో సమానం కావాలి. ప్రతి నెలా అన్ని స్థితుల్లో ఉన్నవాళ్లని కూడితే వెయ్యి రావాలి, 1,000.4 వచ్చినా వదలొద్దు. మిషన్ ధర పెంచితే హీమో ఖర్చు పెరగాలి, కదలకపోతే ఎక్కడో సెల్‌లో అంకె నేరుగా టైప్ చేసి ఉంది. ఇవన్నీ ఒక మధ్యాహ్నం పని, కానీ చేసేవాళ్లు తక్కువ.

ఇంకా, ఎక్సెల్లో మొదలుపెట్టావు, మంచిదే. మీ సీనియర్ చూడగలరు, ఆఫీసర్లూ చూడగలరు. కానీ పక్కన ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో అదే మోడల్ మళ్లీ కట్టు. అందులో మార్కోవ్ మోడళ్లు కట్టే హీమోడ్ అనే ప్యాకేజీ పేరు విని డయాలసిస్ కోసమే చేశారనుకోకు, నేను మొదట్లో అలాగే అనుకున్నా! ఇన్‌పుట్లన్నీ వాటి అనిశ్చితి మేర మారుస్తూ వేలసార్లు తిప్పే ప్రాబబిలిస్టిక్ ఎనాలిసిస్‌కి సంభావ్యతలకీ స్కోర్లకీ బీటా డిస్ట్రిబ్యూషన్, ఖర్చులకి గామా డిస్ట్రిబ్యూషన్ వాడు. ఎక్సెల్లో మ్యాక్రో పెట్టి పదివేల సార్లు తిప్పుతూ టీ తాగి వచ్చేకన్నా ఇది సుఖం. రెండు చోట్లా జవాబు ఒకటే వస్తే ఇంటర్వ్యూలో చూపించడానికి అంతకన్నా మంచి ముక్క ఉండదు, ఇటొచ్చినా, పీహెచ్‌డీకెళ్లినా.

---

మిషన్_నంబర్_నాలుగు:

నేను మీలాగ పెద్ద చదువు చదవలేదు. శ్రీకాకుళం జిల్లాలోనే ఒక సెంటర్లో డయాలసిస్ టెక్నీషియన్ని. ఇది మా వాళ్ల గురించే కదా అని రాస్తన్నాను. తప్పులుంటే ఏమనుకోవద్దు.

చెల్లమ్మా, మీ లెక్కలో వారానికి రెండుసార్లు డయాలసిస్ అని పెట్టుంటారు. మా దగ్గర కాగితం మీద రెండే. కానీ జీడి సీజన్లో ఒకటి ఎగ్గొడతారు. పెళ్లిళ్లప్పుడు ఎగ్గొడతారు. వర్షం గట్టిగా పడితే దూరపు ఊళ్లవాళ్లు రారు. ఎగ్గొట్టినోళ్లు తర్వాత ఒళ్లంతా నీరు పట్టి, ఆయాసంతో అర్ధరాత్రి అంబులెన్స్‌లో వస్తారు. ఆ అడ్మిషన్ ఖర్చు ఎవరి లెక్కలో ఉంటాది? హీమోకి చవగ్గా లెక్క వచ్చిందంటే ఇవి కలపలేదేమో అని నా అనుమానం.

అలాగని సీఏపీడీ అంత సుళువని అనుకోవద్దు. రోజుకి మూడు సంచులు, ఒక్కోటి రెండు లీటర్లు. నెలకి తొంభై సంచులు, నూట ఎనభై లీటర్ల సరుకు. అట్టపెట్టెల్లో వస్తాది. ఒకటే గది ఉన్న ఇంట్లో ఆ పెట్టెలు ఎక్కడ పెడతారు? మంచం కింద పెడితే ఎలకలు, అరుగు మీద పెడితే ఎండ. ఒక ముసలాయన ఇంటికి వెళ్తే పెట్టెలు గోడవారగా పేర్చి వాటి మీదే బియ్యం బస్తా పెట్టేరు. సంచి మార్చేటప్పుడు చేతులు శుభ్రంగా కడుక్కోవాలి, ఫ్యాను ఆపాలి, తలుపులు వేసుకోవాలి. ఇంట్లో కోళ్లు తిరుగుతుంటాయి. పొట్టలో చీము పడితే వాళ్లు మళ్లీ మా మిషన్ మీదకే వస్తారు. మీ పేపర్లలో పెరిటొనైటిస్ రేటు ఏ ఊరి పెద్దాసుపత్రిదో చూసుకోండి.

అయితే ఒకటి చెప్పాలి. 2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు కొబ్బరి చెట్లు రోడ్లకి అడ్డంగా పడిపోయాయి, కరెంటు రోజుల తరబడి లేదు. మిషన్‌కి కరెంటు కావాలి, ఒక్కో డయాలసిస్‌కి నూట ఇరవై లీటర్ల దాకా శుద్ధి చేసిన నీళ్లు కావాలి. సంచికి ఏ కరెంటూ అక్కర్లేదు, పైన కొక్కేనికి తగిలిస్తే దానంతటదే దిగుతాది. మా సముద్రం పక్క ఊళ్లకి ఈ సంగతి చిన్నది కాదు. దీన్ని లెక్కలో ఎలా పెడతారో మీకే తెలియాలి.

---

ఉద్దానం_ఫార్మ్‌డీ:

అన్నా, ఇది చదివాక మోడల్ మళ్లీ తెరిచాను. "సెషన్లు ఎగ్గొట్టడం" అనే స్థితే నాకు లేదు. ట్రయల్ పేపర్లలోంచి ఇన్‌పుట్లు తెచ్చుకుంటే అందరూ బుద్ధిగా టైముకి వచ్చేవాళ్లే ఉంటారు మరి.

షెఫీల్డ్ సార్, త్రెషోల్డ్ గ్రాఫ్ వేశాను. 150 అంత తక్కువ కాదు గానీ, మా ఊరి నుంచి ఒక ఆటో, ఒక కూలి కలిపితే దాటేసే అంకె దగ్గరే తిరగబడుతోంది. సీనియర్ గారికి రిఫరెన్స్ కేస్ పేజీతో పాటు చూపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరే, మెయిన్ టేబుల్‌లోనే రెండూ పెట్టు, ప్రయాణ ఖర్చుకి చిన్న సర్వే ప్రోటోకాల్ రాయి" అన్నారు. కాబట్టి ఇప్పుడు నాకు పని పెరిగింది.

రెండు ప్రశ్నలు. జీడి పనికి పోయే ఆవిడకి కూలి ఉంది, సరే. కూలికి పోని, ఇంట్లోనే ఉండే అత్తగారు తోడు వస్తే ఆవిడ సమయానికి ఎంత వేయాలి? ఎగ్గొట్టేవాళ్లని కొత్త స్థితిగా పెట్టాలా, ఉన్న స్థితిలోనే మరణం రేటు పెంచాలా?

---

షెఫీల్డ్_గుంటూరోడు:

అత్తగారి సమయానికి సున్నా మాత్రం వేయకు. ఆవిడ లేకపోతే ఇంట్లో పిల్లల్ని ఎవరు చూస్తారు, గొడ్లకి ఎవరు వేస్తారు? బేస్ కేసులో ఉపాధి హామీ కూలి రేటు వేయి, ఒక సినారియోలో దాంట్లో సగం, ఇంకోదాంట్లో జీడి కూలి. మూడింటిలో జవాబు మారకపోతే ఎవరూ పేచీ పెట్టరు.

ఎగ్గొట్టేవాళ్లకి విడి స్థితి వద్దు. స్థితులు పెంచినకొద్దీ ప్రతిదానికీ డేటా వెతుక్కోవాలి. ఆసుపత్రిలో అత్యవసరంగా చేరే సంభావ్యతని సెషన్ల హాజరుతో ముడిపెట్టు. హాజరు శాతాన్ని ఒకే ఇన్‌పుట్ సెల్‌గా ఉంచితే 100 నుంచి 70 దాకా దించి చూసుకోవచ్చు. తుపాను సంగతి మోడల్లో ఇరికించడానికి ఒళ్లు హూనం చేసుకోకు, చర్చ భాగంలో ఒక పేరా రాయి. లెక్కలోకి రానివి రాతలో చెప్పడం తప్పు కాదు.

పీహెచ్‌డీ మాట మర్చిపోలేదు. ఈ సర్వే, ఈ మోడల్ కలిస్తే నీకు ప్రపోజల్ సగం తయారైనట్టే. అందరూ యార్క్, షెఫీల్డ్, గ్లాస్గో అంటారు, నేనూ వచ్చాను, బాగుంటాయి. కానీ బ్యాంకాక్‌లో మహిడోల్ యూనివర్సిటీలో హెచ్‌టీఏ మీదే పీజీ, పీహెచ్‌డీ ఉన్నాయి. నీలాంటి ప్రశ్నలు వాళ్లు సొంత దేశంలో తేల్చుకున్నవాళ్లు. అటు కూడా దరఖాస్తు పెట్టు. కంపెనీ దారి ఎక్కడికీ పోదు, రాణి గారు చెప్పినట్టు ఎప్పుడైనా వెళ్లొచ్చు. పేపర్ పంపే ముందు ఇలాంటి పేపర్లలో ఏమేం రాయాలో చెప్పే చీర్స్ 2022 జాబితాలో 28 అంశాలున్నాయి, ఒక్కొక్కటీ ఏ పేజీలో ఉందో రాసుకుని మరీ పంపు.

---

ఉద్దానం_ఫార్మ్‌డీ:

థాంక్యూ సార్. టెక్నీషియన్ అన్నా, ఆఖరుగా మిమ్మల్ని ఒకటి అడగాలి. సర్వే మొదలుపెట్టే ముందు దూరాలు అంచనా వేద్దామని. సెంటర్ రిజిస్టర్లో రోగుల ఊరి పేర్లుంటాయి కదా? అనుమతి తీసుకుని, పేర్లు లేకుండా ఊళ్లు మాత్రం తీసుకుంటే, మ్యాప్‌లో కిలోమీటర్లు కొలిచేయొచ్చా?

---

మిషన్_నంబర్_నాలుగు:

ఊరి పేరు ఉంటాది. కానీ అది ఆధార్‌లో ఉన్న ఊరు. డయాలసిస్ మొదలయ్యాక చాలామంది సెంటర్‌కి దగ్గరని కూతురింట్లోనో, తమ్ముడింట్లోనో ఉంటారు. కొందరు సోంపేటలోనే గది అద్దెకి తీసుకున్నారు, ఆ అద్దె మీ లెక్కలో ఉందా? మ్యాప్‌లో కొలిస్తే రెండు వైపులా తప్పే వస్తాది. "ఇయ్యాల పొద్దున్న ఏ ఇంటి నుంచి బయల్దేరారు, ఎంతయ్యింది?" అని మంచం దగ్గర కూర్చుని అడగండి. నాలుగు గంటలు ఎలాగూ పడుకునే ఉంటారు, విసుక్కోకుండా చెప్తారు. మొదటి గంటలో అడగండి, ఆఖరికి వచ్చేసరికి బీపీ పడిపోయి నీరసంగా ఉంటారు.